బటనమ్మ

"సార్, బటనమ్మ వచ్చేసింది" అన్నాడు వాచ్‌మన్.

పరిశోధకుడు తల పట్టుకున్నాడు.

అతని పక్క గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. మన భాషలో మొట్టమొదట నోరు విప్పిన యంత్రం అది. ఒక మనిషి చేత గుణింతాలన్నీ చదివించి, రికార్డు చేసి, ఆ ముక్కలు అతికించి దానికి మాటలు నేర్పారు. గోడ మీద పలకలో ఇంజనీర్ల పేర్లున్నాయి, ప్రారంభించిన పెద్దమనిషి పేరుంది, ఆయనకు కత్తెర అందించినాయన పేరు కూడా ఉంది.

బటన్ నొక్కితే అది అక్షరానికో ఎక్కిలితో పలికేది.

"రం... డి. కూ... ర్చోం... డి. నా... కు మా... ట్లా... డ... టం వ... చ్చు."

ఆమె రోజూ వచ్చేది. మెడకు కండువా చుట్టుకుని, స్టూలు మీద కూర్చుని, బటన్ నొక్కి వినేది. మళ్లీ నొక్కేది.

"ఏం పెద్దమ్మా, ఇంట్లో ఎవరూ లేరా?" అని ఒకరోజు వాచ్‌మన్ అడిగాడు.

ఆమె నవ్వి ఊరుకుంది.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో సార్!"

పరిశోధకుడికి నవ్వు రాలేదు. అతని గొడవ అతనిది. జబ్బు చేసి గొంతు పోయినవాళ్లు టైపు చేస్తే, కంప్యూటరు వాళ్ల పాత గొంతుతోనే పలకాలి. అదీ అతని పరిశోధన. ప్రోగ్రాం సిద్ధమైంది. మనిషే దొరకడం లేదు.

"ఒక్కరికైనా గొంతు తెప్పించి చూపించవయ్యా. లేదంటే నెలాఖరుకు మూసేద్దాం" అని డైరెక్టరు తేల్చి చెప్పేశాడు.

వచ్చినవాళ్లంతా పెళ్లి వీడియోలు పట్టుకొచ్చారు. వాటిలో బ్యాండు తప్ప ఏమీ వినపడదు.

"అక్షరాలన్నీ విడివిడిగా, శుభ్రంగా వినిపించే పాత రికార్డింగు కావాలండీ."

"గొంతు పోతుందని ముందే తెలిస్తే దాచుకునేవాళ్లం కదా బాబూ" అని ఒకాయన భార్య కళ్లు తుడుచుకుంది.

పరిశోధకుడికీ నా అన్నవాళ్లు లేరు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని గోడకేసి చూస్తూ తినేవాడు. పక్క గదిలోంచి ఆ ఎక్కిళ్ల గొంతు వినిపిస్తూనే ఉండేది. కూర్చోండి, కూర్చోండి. ఒకరోజు చిర్రెత్తుకొచ్చి స్పీకరు తీగ పీకేశాడు.

ఆమె వచ్చింది. బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. యంత్రానికి చెవి ఆనించింది.

తర్వాత అతని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వేలితో తన గొంతు చూపించింది. యంత్రాన్ని చూపించింది. మళ్లీ గొంతు చూపించింది.

"దాహమా అమ్మా?" అంటూ అతను నీళ్ల సీసా అందించాడు.

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. కాదనలేక కాబోలు, రెండు గుక్కలు తాగి, సీసా తిరిగిచ్చి వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

"పీడ విరగడైంది సార్" అన్నాడు వాచ్‌మన్.

పరిశోధకుడికి మాత్రం ఆ గది బావురుమంటున్నట్టు అనిపించింది. సిగ్గేసి తీగ తగిలించాడు. బటన్ నొక్కేవాళ్లే లేరు.

నెలాఖరు వచ్చింది. పరిశోధన మూసేశారు.

అతను సామాను సర్దుకుంటుంటే ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సార్, పక్క గదిలో కంప్యూటరు మాటలు నా ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా?"

"చేసుకోండి. దేనికండీ?"

"పోయినవారం మా పిన్ని చనిపోయింది. ఇంట్లో ఫొటోలు బోలెడున్నాయి. గొంతే ఎక్కడా లేదు."

"దానికీ దీనికీ సంబంధమేంటండీ?"

"ఒకప్పుడు ఇక్కడే టైపిస్టుగా చేసింది సార్. ఆ గుణింతాలు చదివింది తనే."

సర్దుతున్న అతని చేతులు ఆగిపోయాయి.

"ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశాక, తన గొంతు వినాలనిపించినప్పుడల్లా ఇక్కడికే వచ్చి కూర్చునేదండీ."