తడారని కుండీ

మొక్క కింది ఆకులు పచ్చబారి వేలాడుతున్నాయి. జ్ఞానప్రసూనకు ఉన్న ఊరట అదొక్కటే.

సిడ్నీ శివారు గిరావీన్‌లో వాళ్ళుండే అద్దింటి పెరట్లో, షెడ్డు వెనక, ప్లాస్టిక్ కుండీలో నడుమెత్తు పెరిగింది గంజాయి. పుట్టిల్లు నర్సీపట్నం కాబట్టి చూడగానే పోల్చుకుంది. పీకి చెత్తలో వేస్తే చెత్తబండి వాడు చూస్తాడు. కాలిస్తే పక్కింటికి వాసన. ఆ తర్వాత పోలీసులు, కోర్టు, కొడుకు చేతికి బేడీలు. మొన్న రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని విని, స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టుంచుకున్న మనిషి. దానంతటదే చస్తే ఏ గొడవా లేదు.

పండుటాకులో ఒక్క రెక్క తుంచి, రుమాల్లో చుట్టి నర్సరీకి పట్టుకెళ్ళింది.

"టొమాటో," అంది.

నర్సరీ ముసలాయన ఆకును చూశాడు. ఆమెను చూశాడు. "టొమాటోనే అనుకుందాం. మట్టి ఎలా ఉంది?"

"ఎప్పుడు చూసినా తడే."

"ఎరువు లోపం కాదు. వేళ్ళకు ఊపిరాడటం లేదు. ఎవరో పొద్దస్తమానం నీళ్ళు పోస్తున్నారు. పగలు ఇంట్లో ఎవరుంటారు?"

ఎవరూ ఉండరు. తను తెల్లారకముందే బిస్కెట్ల ఫ్యాక్టరీకి పోతుంది. భర్త శేషగిరి ఆ కంప్యూటర్ల గండం, వైటూకే పేరుతో దొరికిన ఉద్యోగానికి సిటీకి వెళ్తాడు. కొడుకు బాలమురళి యూనివర్సిటీకి.

అంటే, వాడు యూనికి పోవడం లేదు.

సాయంత్రం కొడుకును నిలదీసింది.

"ఐ స్వేర్ అమ్మా, నాది కాదు. రోజూ క్లాసులకే వెళ్తున్నా."

"మరెవరిదిరా?" అన్నాడు శేషగిరి పేపరు మడుస్తూ. "మీ అమ్మదా? నాదా?"

"చదువు నీళ్ళపాలు చేసి, ఆ నీళ్ళు దానికి పోస్తున్నావా?" అంటూ చెంప పగలగొట్టింది. వాడి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు.

బాలమురళి బ్యాగు సర్దుకుని పెండిల్ హిల్‌లో స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు.

"పోనీ. ఆకలేస్తే వాడే వస్తాడు," అన్నాడు శేషగిరి.

రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. పది రోజులు ముద్ద దిగలేదు ఆమెకు.

కుండీలో మట్టి మాత్రం రోజూ తడిగానే ఉంటోంది. మొదట ఒళ్ళు మండింది. ఆనక తట్టింది, వాడి దగ్గర తాళంచెవి ఉంది. ఎవరూ లేని వేళ చూసి వచ్చిపోతున్నాడన్నమాట. మొక్క కోసమైతేనేం, గడప తొక్కుతున్నాడు.

ఇప్పుడది చచ్చిపోతుందేమోనని భయం పట్టుకుంది. కుండీ అడుగున మేకుతో నాలుగు చిల్లులు పొడిచింది. ఎండ తగిలే వైపుకి జరిపింది. పండుటాకులు ఒక్కొక్కటే గిల్లి పారేసింది.

పదకొండో రోజు ఒంట్లో బాలేదని చెప్పి ఫ్యాక్టరీ నుంచి పదింటికే బయటపడింది. తిట్టకూడదు, ఏడవకూడదు, ముందు అన్నం పెట్టాలి అనుకుంటూ పక్క గేటు తీసింది. షెడ్డు వెనక నీళ్ళ చప్పుడు.

"మురళీ, చేతులు కడుక్కో. వంకాయ వండాను, తిందువుగాని," అంటూ మలుపు తిరిగింది.

తిరగేసిన బకెట్టు మీద, రోజూ ఆఫీసుకని కట్టుకెళ్ళే టైతోనే, మగ్గుతో కుండీలో నీళ్ళు పోస్తూ కూర్చున్నాడు శేషగిరి.