పగబట్టిన కుక్క

బేకరీ వ్యానుకు కుక్క అడ్డంగా నిలబడింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. కదల్లేదు. పైగా బానెట్ మీద ముందుకాళ్లు వేసి, రక్కుతూ, గొంతు చించుకుని మొరిగింది.

"పగబట్టిందండీ," అన్నాడు డ్రైవరు. "పోయినవారం దీని పిల్లల్ని గోనెసంచిలో కట్టి ఈ వ్యానులోనేగా తీసుకెళ్లాను."

"పగబట్టడానికి ఇదేమన్నా పామా?" యజమాని గయ్యిమన్నాడు. "అవతల షాపులవాళ్లు ఎదురుచూస్తున్నారు. తొక్కించుకుని పో!"

రొట్టెల ట్రేలు సర్దుతున్న అక్కకు ఒళ్లు మండిపోయింది. యజమానికి తోడబుట్టినదామె. సంచి సంగతి తెలిసినప్పటి నుంచి తమ్ముడితో మాటలు మానేసింది. ఇక ఆగలేకపోయింది.

"కళ్లు తెరవని పసికూనల్ని కాలవలో పారేయించావు. ఇప్పుడు తల్లిని కూడా మింగుతావట్రా?"

"గుమ్మంలో కుక్కల సంత పెడితే కొనేవాడెవడు రొట్టెలు?"

"అది తన పిల్లలేవని అడుగుతోందిరా! చెప్పు, ఏం చెప్తావో!"

యజమాని షట్టరు లాగే ఇనుప కడ్డీ అందుకున్నాడు. అక్క అడ్డుపడేలోపే దెబ్బ పడింది.

కుక్క కుయ్యిమని నేలకొరిగింది. మళ్లీ లేవలేదు.

"నీ చెయ్యి పడిపోను!" అక్క అరిచింది. "మనిద్దరం ఒక తల్లి పాలే తాగామంటే సిగ్గుగా ఉందిరా నాకు!"

"ఊరకుక్క కోసం తమ్ముణ్ణి శపిస్తావా?" కడ్డీ మూలన పారేసి, డ్రైవరు వైపు తిరిగాడు. "ఊఁ, పోనియ్!"

డ్రైవరు ఇంజను తాళంచెవి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. బానెట్ లోపల ఏదో సన్నగా ఏడుస్తోంది.

దిగివచ్చి మూత ఎత్తాడు.

ఇంజను పక్కన, ఒకదాన్నొకటి కరుచుకుని రెండు పిల్లి కూనలు.

"అమ్మో! స్టార్ట్ చేసుంటే ఫ్యాను ముక్కలు చేసేదండీ!"

"వీటి తల్లేదీ?" అక్క అడిగింది.

డ్రైవరు తల దించుకున్నాడు. "నాలుగు రోజులైంది అక్కగారూ. వెనక్కి తీస్తుంటే ఈ చక్రం కిందే పడి చచ్చిపోయింది."

యజమాని పకపకా నవ్వాడు. "చూశావా? కుక్కకీ పిల్లికీ ఎక్కడైనా పడుతుందా? నువ్వు వెనకేసుకొచ్చిన కుక్క వీటిని తినడానికి అరిచింది!"

అక్క కూనల్ని కిందికి దించి, డబ్బా మూతలో పాలు పోసి ముందు పెట్టింది.

అవి ఆ పాలను వాసనైనా చూడలేదు.

తడబడుతూ వెళ్లి, చచ్చిపడున్న కుక్క పొట్టలో తలలు దూర్చి, అలవాటైన చోటే పాలు వెతుక్కున్నాయి.