కట్టేసిన ఎద్దూ, నా పౌరుషమూ

చేలో పడి మేసిన పశువుల్ని తోలుకొచ్చి పెట్టే బందెలదొడ్డికి నేను కాపలా కుక్కని. పేరు పులిరాజు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నాను.

మొన్న ఒక ఎర్ర ఎద్దుని పట్టుకొచ్చారు. పొగరుమోతని నాలుగు కాళ్లూ కలిపి తాడుతో కట్టి పడేసి పోయారు. అది నాకేసి ఒక్కసారి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. తొడ మీద రెండు గాట్లు పెట్టాను.

"దాహంగా ఉంది," అంది ఎద్దు.

ఎదురు మాట్లాడుతోందని ఇంకో గాటు పెట్టాను.

సాయంత్రం దొడ్డికి పెద్దదిక్కయిన ముసలి గేదె వచ్చింది. నెత్తురు చూసి, "ఏం జరిగిందిరా?" అని అడిగింది.

"మీదికొచ్చింది అవ్వా. ప్రాణభయంతో కరిచాను."

"కాళ్లు కట్టేసి ఉంటే ఎలా వచ్చిందిరా?"

"రాబోయింది."

గేదె కాసేపు నెమరేసింది. "నీ పళ్లు గట్టివే. ఆ తాడు కొరుకు. మళ్లీ వస్తుందేమో నేనూ చూస్తాను," అంది.

తొడలో ఇట్టే దిగిన పళ్లు తాడు మీద వణికాయి. కొరికి కొరికి, చివరి పోగు దగ్గర కళ్లు మూసుకున్నాను. తాడు తెగింది.

ఎద్దు లేచింది. నావైపు చూడనైనా చూడలేదు. కుంటుకుంటూ తొట్టి దగ్గరికి పోయి నీళ్లు తాగింది. అదంతా నాకు గడ్డివాము మీద నుంచి బాగా కనపడింది.

"దిగరా పులిరాజూ," అంది గేదె.

"ముందు దాన్ని కట్టెయ్యి అవ్వా," అన్నాను.