వంతెన మీది సిపాయి

ఆదివారం పొద్దున కోటిలింగం సెలూన్లో గడ్డం గీయించుకుంటూ, సుభానీ అద్దం పక్కన అతికించిన కాగితం కేసి చూశాడు. కౌబాయ్ సినిమాల్లో ఏది గొప్పది, యుద్ధం సినిమాల్లో ఏది గొప్పది అని ఇద్దరూ ముప్పై ఏళ్లుగా పోట్లాడుకుని మరీ వేసుకున్న వరసలవి.

"ఆ వంతెన సినిమాని ఒకటో నంబరు నుంచి దించెయ్యరా. నిన్న మళ్లీ చూశా. చివర్లో ఆ కుర్ర సిపాయి ఇంటికొచ్చేస్తే ఇంక అది యుద్ధం సినిమా ఎట్లా అవుద్ది?" అన్నాడు సుభానీ.

"రావడమేందిరా? వంతెన మీదే చచ్చిపోతాడు గదా."

"లేదురా. వాళ్లమ్మ అన్నం కూడా పెట్టుద్ది."

కోటిలింగం చేతిలో కత్తి ఆగిపోయింది. ఇప్పుడు ఏ ఇంటి టీవీ అయినా ఆ ఇంటివాళ్లు తట్టుకోగలిగినట్టే సినిమాను మార్చి చూపిస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఎవరింట్లో ఆడేది వాళ్లకు అసలు సినిమాలాగే ఉంటుంది. సుభానీ కొడుకు సరిహద్దు నుంచి పెట్టెలో వచ్చి రెండేళ్లయింది.

"నువ్వన్నదే నిజంరా. ఇంటికే వస్తాడు. నేనే మర్చిపోయా," అన్నాడు కోటిలింగం.

సుభానీ అద్దంలో అతని ముఖం చూశాడు. పిస్తోల్లో తూటాలు ఐదా ఆరా అన్నదగ్గర కూడా ఏనాడూ ఓటమి ఒప్పుకోని మనిషి.

కోటిలింగం మళ్లీ కత్తి ఆనించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ అబ్బాయికి తూటా ఎక్కడ తగుల్తుందిరా?" అని అడిగాడు సుభానీ, సగం గడ్డం మీద నురగతోనే.