దక్షిణాది ఉపజాతి

ఆ పేజీని ఎలాగైనా కోసెయ్యాలని ఆదెప్ప బుధవారమే తీర్మానించుకున్నాడు. మర్నాడు ఎగ్జామినర్ వస్తున్నాడు మరి.

ఆదెప్ప మదనపల్లెలో జువాలజీ లెక్చరర్. దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల్లో తిరిగే ఒక పసుపు పిట్ట మీద డాక్టరేట్ కోసం థీసిస్ రాశాడు. పిట్ట ఎక్కడెక్కడ ఉంటుందో వేల మైళ్ల మేర చెప్పినవాడు, తాను మాత్రం కుప్పంలో పుట్టి, పుంగనూరులో పెళ్లాడి, మదనపల్లెలో ఆగిపోయాడు. ఇంటర్నెట్టు ఇంకా ఊళ్లోకి రాలేదు. ఆధారమంతా కాలేజీ లైబ్రరీలోని ఒకే ఒక్క పాత పుస్తకం.

అందులోని మ్యాపులో పిట్ట ఉండే చోట్లు ఎర్రగా కనబడతాయి. ఉత్తరాన పొడవాటి పట్టీ, ఎక్కడో దక్షిణాన విడిగా చిన్న ముక్క. అంత దూరాన బతికే పిట్ట వేరే ఉపజాతి కాక మరేమవుతుందని ఆదెప్ప నూట ఎనభై పేజీలు వాదించాడు. దానికో పేరు కూడా పెట్టాడు.

చివరిసారి చూసుకుందామని వేలు తడుపుకుని పేజీ తిప్పితే, దక్షిణపు ముక్క వేలికి అంటుకొచ్చింది. అంచున ఎండిపోయిన టమోటా గింజ. ఎవడో మహానుభావుడు దోసె తింటూ చదివాడు. చట్నీ మరకకు శాస్త్రీయ నామం పెట్టిన ఘనుణ్ణి నేనే అనుకుంటూ ఆదెప్ప తల బాదుకున్నాడు.

ఈ మ్యాపు ఎగ్జామినర్ కంటబడితే డాక్టరేట్ రాదు, అది రాకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదు. బ్లేడుతో పేజీ కోసి జేబులో దాచాడు. దొంగతనం కూడా చేతకాక వేలు కోసుకున్నాడు.

ఎగ్జామినర్ వరదరాజులు బెంగళూరులో ప్రొఫెసర్. వాల్మీకిపురం మనిషి, ఈ కాలేజీలోనే చదివాడు. థీసిస్ మీద నోటి పరీక్ష, అదే వైవా, యూనివర్సిటీలో వద్దు, నేనే మదనపల్లెకు వస్తానన్నాడు. వస్తూనే లైబ్రేరియన్ గోవిందమ్మను ఆ పుస్తకమే అడిగాడు. తెరిచి చూసి, మొహం మాడ్చుకున్నాడు. ఆదెప్పకు పైప్రాణాలు పైనే పోయాయి.

వైవాలో దక్షిణం గురించి ఒక్క ప్రశ్నా రాలేదు. అంతా అయ్యాక వరదరాజులు తలుపు మూసి, మెల్లగా అడిగాడు.

"ఆ పేజీ యాడ ఉండాదప్పా?"

ఆదెప్ప ఇక దాచలేక, పేజీ తీసి బల్ల మీద పెట్టేశాడు.

"నేనే కోసినాను సార్. దక్షిణాన పిట్టా లేదు, గిట్టా లేదు. అది చట్నీ మరక. నా బుద్ధి గడ్డి తినింది."

వరదరాజులు పేజీని జాగ్రత్తగా మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. థీసిస్ మీద 'పాస్' అని రాసి సంతకం చేశాడు.

"ఎవురికీ చెప్పొద్దప్పా. పదేండ్ల కిందట నాకు డాక్టరేట్ వచ్చిందీ ఆ మరక మిందనే."