రెండో తనిఖీ

ఇంజనీరు గోపీకృష్ణ మళ్లీ వచ్చాడని తెలియగానే నాగులమ్మ అన్నం గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ పదో తరగతి గది గుమ్మం దగ్గరికి చేరింది.

ఆ హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. మనవరాలు ప్రవళిక చదివేది ఆ గదిలోనే, పెచ్చులూడే కప్పు కింద. రెండు సెక్షన్లకూ అదొక్కటే గది. ముగ్గురు పట్టే బెంచీ మీద ఐదుగురు.

పోయిన నెల వచ్చినప్పుడు ‘రిపేర్లు చాలు’ అని రాసిపోయాడీ ఇంజనీరు. ఇప్పుడూ అదే రాస్తే కొత్త బిల్డింగుకు రావలసిన నిధులు వేరే మండలానికి పోతాయి.

"నమస్తే మేడమ్," అన్నాడతను నేల చూపులు చూస్తూ.

హెడ్‌మాస్టరు స్వరూప ఈ ఏడే బదిలీ మీద వచ్చింది. మొహమాటం తెలియని మనిషి.

"కప్పు పైన ఉంటది సార్. జర తల లేపుండ్రి."

పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ప్లాస్టరింగ్ చేపిస్తే ఇంకో పదేండ్లు ఫికరుండదు మేడమ్. కొత్తది రాస్తే పైసలెవరిస్తరు?"

"అట్లనా? ప్రవళికా, జరుగు బిడ్డా. సారు జరసేపు నీ జాగల కూసుంటరు."

కాదనలేక కూర్చున్నాడు. అటిద్దరు, ఇటిద్దరు పిల్లల మధ్య మోచెయ్యి కదిలించే వీల్లేదు. పాఠం సగంలో ఉండగా టపీమని పెచ్చొకటి ఊడి అతని ఒళ్లో పడింది. మనిషి ముఖం పాలిపోయింది. అది ప్రవళిక కూర్చునే చోటు.

గంట కొట్టారు. నాగులమ్మ అతనికీ ప్లేటు పెట్టింది. ముద్ద మింగకముందే, "ఇంకింత సాంబారు పొయ్యవ్వా," అన్నాడు.

"ఇంట్ల వండరా సారూ?"

"నెల దినాల సంది కొత్తకోట హోటలే దిక్కు."

"అయ్యో, ఎందుకట్ల?"

మేడమ్ అందుకుంది. "గసొంటి రిపోర్టు రాసినోళ్లకు ఎవలు వండిపెడ్తరు, నాగులమ్మా?"

ఇంజనీరు చెయ్యి కడుక్కుని పెన్ను తీశాడు. ‘కూల్చివేయాలి. కొత్త భవనం అత్యవసరం.’ కింద సంతకం.

తొంగి చూసిన ప్రవళిక కేక పెట్టింది. బడంతా చప్పట్లు.

ఖాళీ ప్లేటు తియ్యడానికి వంగిన నాగులమ్మకు, అతను మేడమ్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించి అన్న మాట వినబడింది.

"రాసిన గద, ఇగనన్న మీ అమ్మోళ్లింటి నుంచి మనింటికి రా, స్వరూపా!"