బోరు కాడ నిలవడేదెవరు?

"ఫిర్యాదుల యాప్ ఎంత పనో తెల్వకుండ, రెండు వారాలకింత అని పైసలెట్ల ఇస్తమమ్మా?" కామారెడ్డి సర్కారు ఆఫీసులో భీమేష్ సార్ కాంట్రాక్టు కాగితాన్ని, యాప్ చేసే కంపెనీ నుంచి వచ్చిన సాదియా వైపు తోశాడు.

"ఎల్లారెడ్డిల మీ చేన్ల బోరు ఎట్ల ఏపిచ్చిండ్రు సార్?"

"అడుగుకింత అని."

"నీళ్లు ఎంత లోతుల పడ్తయో ముందుగాల తెలుసా?"

"ఎవలకెరుక? బోరు బండి కాడనే నిలవడి చూసిన. నీళ్లు పడంగనే ఆపుమన్న."

"ఇది గూడ గంతే సార్. రెండు వారాలకోసారి చేసినంత చూపిస్తం. చాలనిపిస్తే ఆపుమనుండ్రి. ఆడిదాంకనే పైసలు."

భీమేష్ పెన్ను మూత తీశాడు. సాదియా గెలిచాననుకుంది.

"మరి ఈడ నిలవడి చూసేదెవరు?"

"మీరే సార్."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"మొత్తానికి ఒకటే రేటు రాసుకరా అమ్మా. నీళ్లు పడకున్నా ఏం గాదు."